ఇంటిలోని విషము: ఒక ప్రజారోగ్య సమస్య

నల్లగొండ జిల్లాలోని కొన్ని గ్రామములలో వంగిన వెన్నుతోను, బిగిసిన కీళ్లతోను నడచు వృద్ధులు నేటికిని కనిపింతురు. వారి వ్యాధికి కారణము వారు ఏండ్లతరబడి త్రాగిన బావినీరు. ఆ నీటిలో ఫ్లోరైడు అధికముగా ఉండుటచే వారి ఎముకలు చెడినవి. ఫ్లోరోసిస్ అను ఈ వ్యాధిని మన దేశమున మొదట 1937లో నాటి మద్రాసు రాజధానికి చెందిన నెల్లూరు జిల్లా మెట్ట గ్రామములలో గుర్తించిరి. నల్లగొండ జిల్లా రోగులను గూర్చిన పరిశోధన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో వెలువడినది.

వెన్ను వంగినవానిని చూచి "ఇతడు మనసు దిటవు చేసికొనలేక వంగిపోయినాడు" అని ఎవ్వరును అనరు. దోషము నీటిలో ఉన్నదని అందరును ఎరుగుదురు. కనుకనే పటికను, సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ రూపొందించి, దానికి నల్లగొండ పేరునే పెట్టినది. తరువాత కృష్ణా జలమును గొట్టముల ద్వారా ఊరూరికి చేర్చు పథకములు వచ్చినవి. రోగిని ఓదార్చుటతో ఆగక, రోగమునకు కారణమైన పరిసరములను మార్చుట ప్రజారోగ్య శాస్త్రపు మార్గము.

ఇదే నేలపై మరియొక విషము కూడ ప్రాణములను హరించుచున్నది. అది బావిలో లేదు. పొలమునకై కొని తెచ్చిన సీసాలో ఉన్నది. మనస్తాపము కలిగిన వేళ చేతికందిన పురుగుమందును త్రాగి నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతములలో ఎందరో ఆసుపత్రుల పాలగుచున్నారు, కొందరు మరణించుచున్నారు. దీనిని కొందరు పిరికితనమందురు, కొందరు తలవ్రాత అందురు. ఈ రెండు మాటలును శాస్త్రమునకు సమ్మతములు కావు. ఈ మరణములలో పెక్కింటిని నివారింపవచ్చునని గత నలుబది సంవత్సరముల అనుభవము నిరూపించినది. ఆ నిరూపణము ఎట్లు జరిగినదో తెలిసికొనుట ఉపాధ్యాయులకును, విద్యార్థులకును అవసరము.

సమస్య ఎంత పెద్దది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో ప్రపంచమున 7 లక్షల 20 వేలమందికి పైగా ఆత్మహత్యలవలన మరణించిరి. మన దేశమున జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022లో 1,70,924 మంది మరణించిరి. ప్రతి లక్ష జనాభాకు ఇది 12.4 చొప్పున అగును. అదే సంవత్సరమున తెలంగాణలో ఈ రేటు 26.3, అనగా దేశపు సగటునకు రెండింతలకు మించినది.

పోలీసుల లెక్కకు రాని మరణములు కూడ కలవు. అందుచే కొందరు శాస్త్రజ్ఞులు దేశమంతట లక్షలాది కుటుంబములను దర్శించి, ఇంటిలో జరిగిన ప్రతి మరణమునకు కారణమును విచారించిరి. 2012లో ప్రకటింపబడిన ఈ పరిశీలన ప్రకారము ఆత్మహత్యా మరణములలో సుమారు సగము విషమువలన, అందులోను ముఖ్యముగా పురుగుమందులవలన సంభవించినవి. దక్షిణ రాష్ట్రములలో రేటు అధికముగా ఉన్నదనియు, ఈ మరణములలో పెక్కు యౌవనమునకు చెందినవనియు అందు తేలినది.

ఒక్క విషయమును ఇచ్చట గమనింపవలెను. పురుగుమందు త్రాగినవారందరును రైతులు కారు, అప్పులపాలైనవారందరును కారు. రైతుయింటి కోడలు, కూలిపని చేయు యువకుడు, పరీక్ష తప్పిన విద్యార్థి కూడ వారిలో ఉందురు. 2022 లెక్కలలో కారణములుగా ఎక్కువగా నమోదైనవి కుటుంబ కలహములు, వ్యాధులు. కారణములు వేరువేరైనను, చేతికందిన వస్తువు మాత్రము ఒకటే.

విషము ఇల్లు చేరిన విధము

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాలు 2016 తరువాత పలు జిల్లాలుగా విభజింపబడినవి. కాని నేల స్వభావము మారలేదు. కృష్ణకు ఉత్తరమున ఎత్తైన పీఠభూమి, ఎర్రని చెల్క నేలలు, రాతిగుట్టలు, చెరువులు, నమ్మరాని వానలు. ఇచ్చటి రైతులు తరతరములుగా జొన్న, సజ్జ, కంది, ఆముదము పండించిరి. ఆముదపు చేనిలో దాసరి పురుగు పడినచో ఏరి పారవేయుట, బూడిద చల్లుట వంటి ఉపాయములే వారికి తెలియును. రసాయనిక విషములతో వారికి పని లేకుండెను.

నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగరు వైపు వరి విస్తరించినది. దానితో సుడిదోమయు, దానిని చంపు మందులును వచ్చినవి. నీరందని చెల్కలలో బోరుబావులు త్రవ్వి, ఆముదమునకు బదులు క్రమముగా పత్తిని వేసిరి. గద్వాల ప్రాంతమున హైబ్రిడ్ పత్తి విత్తనపు సాగు పెరిగినది. పత్తి పురుగులకు ప్రియమైన పంట. పచ్చపురుగు మందులకు తట్టుకొనుట నేర్చిన కొలదిని, రైతు మరింత ఘాటైన మందును, మరిన్ని మారులు చల్లవలసివచ్చినది. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించిన తరువాత పచ్చపురుగు బాధ తగ్గినను, రసము పీల్చు పురుగులు మిగిలినవి. కొన్ని ఏండ్లకు గులాబిరంగు పురుగు బీటీకి కూడ తట్టుకొనజొచ్చినది. మందుల సీసాలు తిరిగి వచ్చినవి.

చిన్న రైతుకు వేరుగా గోదాము ఉండదు. చల్లగా మిగిలిన మందు ఇంటికే చేరును. పెక్కు గ్రామములలో ఎరువు, విత్తనము, మందు ఒకే దుకాణమున ఉద్దెరగా దొరకును. అనగా కుటుంబమునకు చింతను కలిగించు అప్పును, చింతలో ప్రాణము తీయగల విషమును ఒకే సంచిలో ఇంటికి వచ్చుచున్నవి.

పురుగునకును, మనిషికిని ఒకే కీలు

పురుగును చంపుటకై చేసిన మందు మనిషికి ఎందుకు ప్రమాదకరమగును? దీనికి సమాధానము నరముల పనితీరులో ఉన్నది.

ఒక నరము కొన మరియొక నరమును గాని, కండరమును గాని అంటియుండదు. నడుమ మిక్కిలి సన్నని ఎడము ఉండును. ఆ ఎడమును వార్త ఎట్లు దాటునో 1921లో ఆటో లోవీ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. ఆయన రెండు కప్పల గుండెలను వేరువేరు ఉప్పుద్రావణములలో కొట్టుకొననిచ్చి, మొదటి గుండెకు పోవు నరమును ప్రేరేపించెను. ఆ గుండె నెమ్మదించినది. దాని చుట్టునున్న ద్రావణమును తీసి రెండవ గుండెపై పోయగా, నరముతో సంబంధములేని ఆ గుండె కూడ నెమ్మదించినది! నరము ఏదియో రసాయనిక దూతను పంపుచున్నదని దీనివలన తేలినది. ఆ దూత పేరు అసిటైల్‌కోలిన్. ఈ విషయమున కృషిచేసిన లోవీకిని, ఇంగ్లండునకు చెందిన హెన్రీ డేల్‌కును 1936లో నోబెల్ బహుమానము లభించినది.

దూత వార్తను అందించిన వెంటనే తొలగిపోవలెను. లేనిచో తలుపుపై తట్టిన చేయి తట్టుచునే ఉండును. అసిటైల్‌కోలిన్‌ను విరుగగొట్టి వార్తను ముగించుటకు శరీరములో కోలినెస్టరేజ్ అను ఎంజైము కలదు. పురుగుమందులలో ఒక పెద్ద తెగయైన ఆర్గానో ఫాస్ఫేటులు ఈ ఎంజైమును అంటుకొని దాని పనిని ఆపివేయును. అప్పుడు దూత తొలగడు, వార్త ఆగదు. లాలాజలము, చెమట, ఊపిరితిత్తులలోని స్రావములు మిక్కుటమగును, కంటిపాపలు కుంచించుకొనును, కండరములు అదరి, పిదప నీరసించును, ఊపిరి తీయుట కష్టమగును.

పురుగు నరములలోను ఇదే దూత, ఇదే ఎంజైము ఉన్నవి. అందుచే మందునకు పురుగును, మనిషిని వేరుగా గుర్తించు శక్తి లేదు. ముఖమునకు గుడ్డ కట్టుకొనక పత్తిచేనిలో మందు చల్లిన కూలివానికి తల తిరుగుటకును కారణమిదియే. ఇంటిలోని సీసాను "పురుగుల మందు" అని పిలుచుటచే అది మనుష్యులకు విషమన్న సంగతి మరుగున పడుచున్నది.

వైద్యము చేయగల మేలు

ఈ విషమునకు వైద్యము కలదు. బెల్లడోనా అను మొక్కనుండి మొదట లభించిన అట్రోపిన్ అను మందు అసిటైల్‌కోలిన్ తట్టు తలుపులలో కొన్నింటిని మూసివేయును. స్రావములు తగ్గి ఊపిరి ఆడును. కండరములు నీరసించినచో యంత్రముతో శ్వాసను కొనసాగింతురు. ఈలోగా శరీరము క్రొత్త ఎంజైమును తయారుచేసికొనును. దీనికి రోజులు, వారములు పట్టవచ్చును. అంతవరకు రోగిని కనిపెట్టి యుండుటయే వైద్యులయొక్కయు, నర్సులయొక్కయు పని. వారి శ్రమవలన బ్రతికి, ఇంటికి వచ్చి, మరల సేద్యము చేసికొనుచున్నవారు పల్లెపల్లెను ఉన్నారు.

నల్లగొండకు పొరుగుననున్న వరంగల్లులో జరిగిన ఒక పరిశీలన దీనికి నిదర్శనము. 1997నుండి 2002వరకు అచ్చటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో పురుగుమందు సోకి చేరిన రోగులు 8,040 మంది. వీరిలో నూటికి 77 మంది బ్రతికిరి. 2002వ సంవత్సరపు వివరములను పరిశీలింపగా మూడింట రెండు వంతులమంది ముప్పది ఏండ్లలోపువారు. ఏ మందు సోకినదో తెలిసిన మరణములలో అధిక భాగమునకు రెండే మందులు కారణములు. అంగడిలో వందలకొలది మందులుండగా మరణములు రెండింటివద్ద గుమిగూడుట గమనింపదగిన సంగతి. ఆ రెంటిలో ఒకటియైన ఎండోసల్ఫాన్ తయారీని, అమ్మకమును 2011లో సుప్రీంకోర్టు దేశమంతట నిలిపివేసినది.

నాటికంటె నేడు ఆసుపత్రులు దగ్గరైనవి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనములు పల్లెలకు వచ్చుచున్నవి. మహబూబ్‌నగరులో 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను, నాగర్‌కర్నూలు, వనపర్తులలో 2022లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. ఒకప్పుడు హైదరాబాదుదాక తీసికొనిపోవలసిన రోగికి ఇప్పుడు జిల్లాలోనే చికిత్స లభించు అవకాశము పెరిగినది.

అయినను ఆసుపత్రి చివరి మెట్టు మాత్రమే. ఫ్లోరోసిస్ విషయమున ఎముకల వైద్యునితో పని తీరనట్లే, ఇచ్చటను విషము ఆసుపత్రిదాక రాకముందే చేయవలసిన పని కలదు.

ఒక్క ఘడియ

"చావవలెనని నిశ్చయించుకొన్నవానిని ఎవరు ఆపగలరు?" అని పల్లెలలోను, పట్టణములలోను అందురు. ఈ మాట నిజమైనచో నివారణకు అర్థమే లేదు. కాని పరిశోధనలు దీనిని ఖండించుచున్నవి. శ్రీలంకలో విషము త్రాగి ఆసుపత్రిలో చేరినవారిని శాస్త్రజ్ఞులు విచారింపగా, సగముకంటె ఎక్కువమంది ఆ పనికి పూర్వము అరగంటయైనను ఆలోచింపలేదని తేలినది. ఎక్కువమంది ఏ విషము కావలెనని ఎంచుకొనలేదు. దగ్గర ఏది ఉన్నదో దానినే తీసికొనిరి.

మన పంచాంగములలో ఘడియ అనగా ఇరువది నాలుగు నిమిషములు. పట్టరాని దుఃఖము, కోపము, అవమానము ఉప్పెనవలె వచ్చి, ఇంచుమించు ఒక ఘడియ, రెండు ఘడియలు ముంచెత్తి, పిదప తగ్గును. బాధ పూర్తిగా పోకపోవచ్చును. కాని చచ్చిపోవలెనను తొందర తగ్గును. ఆ సమయమున ఎవరైన పలుకరించినను, చేతికి విషము అందకపోయినను ప్రాణము నిలుచును. అట్లు బ్రతికినవారిలో అత్యధికులు తరువాత ఆత్మహత్యవలన మరణింపరని పెక్కు దేశముల పరిశీలనలు చెప్పుచున్నవి. ఆపదనుండి కాపాడబడిన ప్రాణము సాధారణముగా నిలిచిన ప్రాణమే.

కనుక ఆ ఘడియలో మనిషికిని, విషమునకును నడుమ ఎంత దూరమున్నదన్నదే ప్రధాన ప్రశ్న.

శ్రీలంక నేర్పిన పాఠము

ఈ దూరమును పెంచిన దేశము మన పొరుగుననే ఉన్నది. 1995 ప్రాంతమున శ్రీలంకలో ఆత్మహత్యా మరణముల రేటు లక్షకు 57 వరకు ఉండెను. ప్రపంచములోని అత్యధిక రేట్లలో అది ఒకటి. అచ్చటను వరిపొలములు, చిన్న రైతులు, ఇంటిలో సీసాలు – అన్నియు మన పల్లెలవలెనే.

ఆ దేశపు ప్రభుత్వము 1984నుండి మిక్కిలి విషమైన మందులను ఒక్కొక్కటిగా తొలగించుచు వచ్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో మొదటి తరగతికి చెందిన మందులు 1995 నాటికి ఆగినవి; 1998లో ఎండోసల్ఫాన్ ఆగినది; 2008, 2011 సంవత్సరముల మధ్య మరి మూడు ఆగినవి. 2015 నాటికి మరణముల రేటు లక్షకు 17కు దిగినది. ఆ ఇరువది ఏండ్లలో ఇట్లు నిలిచిన ప్రాణములు సుమారు 93,000 అని పరిశోధకులు లెక్కకట్టిరి.

ఈ కాలమున శ్రీలంకలో యుద్ధము జరిగినది, నిరుద్యోగము ఉన్నది, కుటుంబ కలహములు ఉన్నవి. మనుష్యుల కష్టములు మాయము కాలేదు. దుఃఖములో విషము త్రాగినవారును ఉండిరి. కాని వారికి అందినది తక్కువ ప్రమాదకరమైన మందగుటచే వైద్యులు వారిని బ్రతికింపగలిగిరి. మందులు లేకున్న పంటలు పాడగునన్న భయము కూడ నిజము కాలేదు. నిషేధముల తరువాత వరి దిగుబడులు తగ్గలేదని లెక్కలు చూపినవి. దక్షిణ కొరియాలోను 2011–12లో ఒక కలుపుమందును ఆపిన పిదప పురుగుమందుల మరణములు త్వరితముగా తగ్గినవి.

మందును పెట్టెలో పెట్టి తాళము వేసిన చాలదా? ఈ ప్రశ్నకును శాస్త్రజ్ఞులు ప్రయోగముతోనే సమాధానము వెదకిరి. శ్రీలంకలోని 180 గ్రామములను తీసికొని, చీటీలు వేసినట్లు రెండు భాగములు చేసి, ఒక భాగమునకు తాళపు పెట్టెలిచ్చి, రెండవ భాగమునకు ఇయ్యక, మూడేండ్లు గమనించిరి. 2017లో వెలువడిన ఫలితము ప్రకారము రెండు భాగములకును చెప్పుకొనదగిన భేదము కనిపించలేదు. తాళపుచెవి ఇంటిలోనే ఉండునుగదా! పిల్లలు పొరపాటున తాకకుండుటకు తాళము మంచిదే. కాని ఇల్లే విషమునకు నిలయమైనప్పుడు తాళము ఒక్కటే రక్ష కాదు. మంచి ఉద్దేశముతో చేసిన పనియైనను ఫలితమును కొలిచి చూడవలెనని ఈ ప్రయోగము నేర్పుచున్నది.

మన దేశమున జరిగినది

1958లో కేరళలో పురుగుమందు కలిసిన ఆహారమును తిని నూరుమందికి పైగా మరణించిరి. ఆ దుర్ఘటన తరువాత జరిగిన విచారణ ఫలితముగ 1968లో క్రిమిసంహారకముల చట్టము వచ్చినది. ఇతర దేశములు తొలగించిన మందులను పునఃపరిశీలించుటకు 2013లో కేంద్రప్రభుత్వము ఒక నిపుణుల సంఘమును నియమించినది. దాని సూచనపై 2018 ఆగస్టులో 18 మందులను నిషేధించు ఉత్తర్వు వెలువడినది. వాటిలో 12 వెంటనే ఆగినవి. మిగిలిన 6 మందులు 2020 చివరినుండి ఆగినవి. 2022 నవంబరులో ప్రకటింపబడిన జాతీయ ఆత్మహత్యా నివారణ ప్రణాళిక 2030 నాటికి ఈ మరణములను నూటికి 10 వంతు తగ్గింపవలెనని లక్ష్యము పెట్టుకొన్నది.

చట్టమునకై ఎదురుచూడక తామే విషమును ఊరినుండి పంపివేసిన గ్రామములును తెలంగాణలో కలవు. నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల పత్తి పండించు గ్రామము. మందుల ఖర్చుతో అప్పులపాలైన అచ్చటి రైతులు 2003లో తమ ఊరిలో రసాయనిక పురుగుమందులు వాడబోమని ప్రకటించిరి. నాటి వరంగల్లు జిల్లాకు చెంది, నేడు జనగామ జిల్లాలోనున్న ఏనెబావి 2006లో రసాయనములు లేని గ్రామముగ ప్రకటించుకొన్నది. ఏనెబావికిని, నల్లగొండ పొలములకును దూరము ఎక్కువ లేదు.

వారి పద్ధతిలో మంత్రమేమియు లేదు. వేపగింజల కషాయము చల్లుట, రాత్రివేళ దీపపు ఎరలు పెట్టుట, మగ రెక్కల పురుగులను ఆకర్షించు బుట్టలను కట్టుట, చేను చుట్టు ఆముదము, బంతి వంటి ఎరపంటలు వేయుట, పురుగును తిను పక్షులు వ్రాలుటకు కొయ్యలు నాటుట – ఇవియే సాధనములు. పురుగు ఎప్పుడు గ్రుడ్డు పెట్టును, ఎప్పుడు పొదుగును అని కనిపెట్టుట వీటికి పునాది. ఈ విధముగ సాగుఖర్చు తగ్గినది, అప్పు తగ్గినది, ఇంటిలో సీసా లేకుండ పోయినది. ఒక దెబ్బకు మూడు మేలులు.

చట్టము దండింపదు

విషము త్రాగినవానిపై పోలీసులు కేసు పెట్టుదురన్న భయముతో కొందరు ఆసుపత్రికి పోవుట ఆలస్యము చేయుదురు. ఆ భయమునకు నేడు ఆధారము లేదు. 1860నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షను ఆత్మహత్యా ప్రయత్నమును నేరముగ చెప్పెను. 2017లో వచ్చి 2018నుండి అమలైన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అట్టి వ్యక్తి తీవ్రమైన మనోవేదనలో ఉన్నట్లు భావింపవలెననియు, దండించుటకు బదులు ఆదరణ, చికిత్స ఇయ్యవలెననియు నిర్దేశించినది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షను లేదు. ఆసుపత్రి తన నియమము ప్రకారము వివరములు వ్రాసికొనినంతమాత్రమున భయపడ నక్కరలేదు.

పాఠశాల చేయదగిన పనులు

ఎవరికైన పురుగుమందు సోకినట్లు అనుమానము కలిగినచో, లక్షణములు కనిపించువరకు ఆగరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. పల్లెలలో ఉప్పునీళ్లు, పేడనీళ్లు, చింతపులుసు త్రాగించి కక్కించుట వాడుక. ఇది మిక్కిలి హానికరము. కక్కినది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము తెచ్చును. నోటి ద్వారా ఏమియు ఇయ్యరాదు. మందు పడిన బట్టలను తీసివేసి ఒంటిని సబ్బునీటితో కడుగవలెను. కడుగువారు చేతులకు తొడుగులు గాని, ప్లాస్టిక్ సంచులు గాని వేసికొనవలెను. మగతగా ఉన్నవారిని ఎడమ ప్రక్కకు ఒత్తిగిలి పరుండబెట్టవలెను. సీసా పైనున్న చీటీని వైద్యునికి చూపినచో చికిత్సకు సహాయమగును.

అంతకుమించినది ముందుగా గమనించుట. ఎప్పుడును నవ్వుచు తిరుగు విద్యార్థి ఒంటరిగా కూర్చుండుట, నిదుర, తిండి మానుట, "నేను లేకున్న అందరికి మేలు" అనుట, ప్రియమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టుట – ఇవి తేలికగా తీసికొనరాని గుర్తులు. అట్టి విద్యార్థిని ఉపాధ్యాయుడు ప్రక్కకు పిలిచి "చచ్చిపోవలెనని అనిపించుచున్నదా?" అని సూటిగా అడుగవచ్చును. అడుగుటవలన లేని ఆలోచన పుట్టునన్నది అపోహ. అడిగినప్పుడు ఎక్కువమందికి గుండెబరువు తగ్గును. నీతిబోధ చేయక వినవలెను, ఒంటరిగా విడువరాదు, ఇంటివారికి తెలిపి, ఇంటిలో మందులున్నచో వెంటనే ఇతరచోటికి తరలింపుమని చెప్పవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ అను ప్రభుత్వ సహాయకేంద్రమునకు 14416 అను సంఖ్యపై పగలు, రాత్రి ఉచితముగ ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. బాధలోనున్నవారును, వారిని గూర్చి చింతించువారును ఈ సంఖ్యను ఉపయోగింపవచ్చును.

జీవశాస్త్రపు తరగతిలో నరములను గూర్చి చెప్పునపుడు లోవీ ప్రయోగముతోపాటు పురుగుమందు సంగతి చెప్పవచ్చును. ఇంటిలో, పొలమున మందులు ఎచ్చట ఉన్నవో చూచి, వాడని సీసాలను తొలగించుమని పెద్దలతో మాటలాడు పనిని విద్యార్థులకు అప్పగింపవచ్చును. వేపగింజలను ఏరి, కషాయము కాచి, పాఠశాల తోటలో పరీక్షించుట మంచి ప్రయోగము.

నల్లగొండ పిల్లవాని ఎముక నిటారుగా పెరుగుటకు త్రాగునీటిని మార్చవలసివచ్చినది. ఆ పనిని నిరర్థకమని నేడెవ్వరును అనరు. అట్లే దుఃఖము వచ్చిన రాత్రి తెల్లవారువరకు మనిషి నిలుచుటకు ఇంటిలోని విషమును దూరము చేయవలెను, ప్రక్కన ఒక మనిషి ఉండవలెను. మొదటిది ప్రభుత్వమును, వ్యవసాయ శాస్త్రమును చేయవలసిన పని. రెండవది ప్రతి ఇంటివారును, ప్రతి ఉపాధ్యాయుడును నేడే చేయగలిగిన పని.